కొత్త మందు రాయడం నేర్పారు, పాత మందు కొట్టివేయడం ఎవరు నేర్పారు?

(వైద్యుల చర్చావేదికలో నడిచిన సంభాషణ. ప్రతి రాత పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

ఓపీ గది 7

నిన్న ఓపీలో ఆఖరున వచ్చిన పేషెంటు ఇంకా మనసులోంచి కదలడం లేదు. అరవై రెండేళ్ల మనిషి. నాలుగేళ్ల క్రితం గుండెపోటు వస్తే స్టెంటు వేశారు. ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే ప్రతి కొట్టుకు గుండె బయటికి నెట్టే రక్తం వాటా, 58 శాతం. ఛాతీనొప్పి లేదు, గుండె లయ సవ్యంగా ఉంది, రక్తపోటు అదుపులో ఉంది. చీటీలో ఆరు మందులు, వాటిలో ఒకటి మెటోప్రొలాల్ 50 మిల్లీగ్రాములు, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ రకం మందు. "మెట్లెక్కితే కాళ్లు బరువెక్కుతున్నాయి డాక్టరు గారూ, ఈ మాత్ర ఇంకెన్నాళ్లు వేసుకోవాలి?" అన్నాడు. 'జీవితాంతం' అని నోటిదాకా వచ్చింది. ఇరవై ఏళ్లుగా అందరికీ అదే చెబుతున్నాను. ఈసారి మాత్రం మాట పెగల్లేదు. "నెల తర్వాత రండి, చూద్దాం" అని పంపించాను. చూద్దాం అంటే ఈలోగా నేను చదువుకుంటాను అని అర్థం, అది ఆయనకు తెలియదు.

కొత్త పరిశోధన అనగానే చీటీలో ఏం చేర్చాలా అనే చూస్తాం. సమావేశాల్లో ఉపన్యాసాలూ అలాగే ఉంటాయి. అందుకే తిరగేసి అడుగుతున్నాను. ఈ నాలుగైదేళ్ల అధ్యయనాల్లో మీ చేత ఒక మందు కొట్టివేయించినది ఏది? బీటా బ్లాకర్ సంగతి తెలిసినవారు ముందుగా చెప్పండి. నాకు నెల రోజులే గడువు.

గుండె లయ

మూడేళ్ల క్రితం అడిగి ఉంటే జవాబు దొరికేది కాదు. ఇప్పుడు జవాబులు ఎక్కువై ఇబ్బంది.

గుండెపోటు తర్వాత బీటా బ్లాకర్ ప్రాణం నిలుపుతుందని మనం నేర్చుకున్నది 1980ల నాటి అధ్యయనాల నుంచి. అప్పటికి స్టెంట్లు లేవు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లు లేవు. గుండె కండరంలో పెద్ద భాగం మచ్చగా మిగిలేది, ఆ మచ్చ చుట్టూ లయ తప్పి మనుషులు పోయేవారు. ఇవాళ గంటల్లో నాళం తెరుస్తున్నాం. చాలామందిలో అంత మచ్చ మిగలడమే లేదు. జబ్బు మారింది, చీటీ మారలేదు.

2024లో రెడ్యూస్-ఎఎంఐ అనే అధ్యయనం వచ్చింది. 5020 మంది, చాలావరకు స్వీడన్ వారు, అందరికీ ఫ్రాక్షన్ 50 లేదా ఆ పైన. సుమారు మూడున్నరేళ్లలో మరణం గానీ మళ్లీ గుండెపోటు గానీ మందు వాడినవారిలో 7.9 శాతం, వాడనివారిలో 8.3 శాతం. తేడా లేనట్టే. 2025లో స్పెయిన్, ఇటలీల నుంచి రీబూట్. 8505 మంది, ఫ్రాక్షన్ 40 పైన. హజార్డ్ రేషియో, అంటే వాడినవారి ప్రమాదానికీ వాడనివారి ప్రమాదానికీ నిష్పత్తి, 1.04. అంటే ఉపయోగం సున్నా. అదే ఏడాది నార్వే, డెన్మార్క్‌ల బెటామి-డాన్‌బ్లాక్ మాత్రం ఎదురు తిరిగింది. 5574 మందిలో, మందు వాడినవారికి మరణం, గుండెపోటు వంటి మొత్తం సంఘటనలు 16.3 శాతం నుంచి 14.2కు తగ్గాయి. మళ్లీ గుండెపోటు 6.7 నుంచి 5కు తగ్గింది.

ముడి విప్పింది ఫ్రాక్షనే. ఈ అధ్యయనాల నుంచి ఫ్రాక్షన్ 40–49 మధ్య ఉన్న 1885 మందిని విడదీసి కలిపి చూస్తే సంఘటనలు సుమారు నాలుగో వంతు తగ్గాయి. 50, ఆ పైన ఉన్న 17,801 మందిని కలిపి చూస్తే ఏ లాభమూ కనిపించలేదు. మీ పేషెంటుది 58. నేనైతే ఆపుతాను.

పాత స్టెత్

బాగుంది, చదివాను. నాదొక చిన్న సందేహం. మెట్లెక్కితే కాళ్లు బరువు అన్నాడు కదా, పాదాల దగ్గర నాడి చూశారా?

మార్జిన్ నోట్

గుండె లయ గారూ, అంకెల్లో తప్పు లేదు గానీ చివరి వాక్యం దగ్గర నాకు అభ్యంతరం ఉంది. మీరు చెప్పిన అధ్యయనాలన్నీ గుండెపోటు వచ్చిన కొత్తలో మందు మొదలుపెట్టాలా వద్దా అని అడిగాయి. ఏడో గది డాక్టరు గారి పేషెంటు నాలుగేళ్లుగా వాడుతున్నాడు. మొదలుపెట్టకపోవడం ఒక ప్రశ్న, వాడుతున్నది ఆపడం ఇంకో ప్రశ్న. గుండె మీది గ్రాహకాలు ఏళ్ల తరబడి అణిగి ఉండటానికి అలవాటు పడి ఉంటాయి.

ఆ రెండో ప్రశ్ననే ఫ్రాన్స్‌లో అబిస్ అడిగింది, 2024లో. 3698 మంది, గుండెపోటు వచ్చి కనీసం ఆరు నెలలు దాటినవారు, మధ్యస్థంగా మూడేళ్లు. సగం మందికి బీటా బ్లాకర్ ఆపారు. మరణం, గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధ కారణంతో ఆసుపత్రిలో చేరడం, అన్నీ కలిపితే ఆపినవారిలో 23.8 శాతం, కొనసాగించినవారిలో 21.1 శాతం. ఆపడం కొనసాగించడానికి తీసిపోదు అని నిరూపించలేకపోయారు. పైగా ఆపినవారిలో రక్తపోటు, గుండె వేగం పెరిగాయి. మాత్ర మానితే హుషారు వస్తుందనుకుంటాం కదా, జీవన నాణ్యతలో మెరుగుదల కూడా రాలేదు.

గుండె లయ

అంగీకరిస్తాను, సగం. అబిస్‌లో తేడా తెచ్చింది ఆసుపత్రిలో చేరడమే. మరణాలు రెండు వైపులా 4 శాతం దగ్గరే, గుండెపోట్లు 2.5, 2.4. ఎవరికి ఏ మందు ఆపారో అందరికీ తెలుసు. మందు ఆపిన మనిషి ఛాతీలో కాస్త చురుక్కుమన్నా ఆసుపత్రికి పరుగెత్తుతాడు, డ్యూటీ డాక్టరు కూడా తొందరగా చేర్చుకుంటాడు. అయినా మీరన్నది నిజమే. 'ఆపుతాను' అని రాసినంత తేలిక కాదు.

పీజీ రెండో ఏడు

మేడమ్, సార్, తెలియక అడుగుతున్నాను. తేడా 2.8 శాతమే కదా, 'తీసిపోదు అని నిరూపించలేకపోయారు' అంటే ఆపడం ప్రమాదకరమని తేలినట్టా? పరీక్షలో అడిగితే ఏం రాయాలి?

మార్జిన్ నోట్

పరీక్ష సంగతి పక్కన పెట్టి పేషెంటు ముందు ఉన్నాడనుకో. మొదలుపెట్టే ముందే వాళ్లొక గీత గీసుకున్నారు. నష్టం 3 శాతం పాయింట్ల లోపే ఉంటుందని చూపగలిగితే ఆపడం తీసిపోదని ఒప్పుకుంటాం అని. వచ్చిన తేడా 2.8. కానీ అది ఒక్క అంకె కాదు, దాని చుట్టూ ఒక వెడల్పు ఉంటుంది. ఇక్కడ ఆ వెడల్పు దాదాపు సున్నా నుంచి 5.5 దాకా ఉంది. పై అంచు గీత దాటింది. అంటే అసలు నష్టం 5.5 శాతం దాకా ఉండే అవకాశాన్ని వాళ్లు కొట్టిపారేయలేకపోయారు. ప్రమాదం రుజువు కాలేదు, భద్రత కూడా రుజువు కాలేదు. ఈ రెంటి మధ్య నిలబడి మాట్లాడటం మనకు అలవాటు లేదు, అదే బాధ.

ఇలాంటి అధ్యయనం చదివేటప్పుడు ముందు ఆ గీత ఎక్కడ గీశారో చూడు. గీత దూరంగా గీస్తే ఏదైనా తీసిపోదు.

వార్డు మేడమ్

గీత మాట వచ్చింది కాబట్టి నా జవాబు ఇక్కడ పెడతాను. నా చేత కొట్టివేయించింది బ్యాలెన్స్ అనే అధ్యయనం. 2024 చివరిలో వచ్చింది. రక్తంలో బ్యాక్టీరియా పెరిగిన 3608 మంది, ఏడు దేశాలు, 74 ఆసుపత్రులు. సగానికి పైగా ఐసీయూ రోగులే. ఏడు రోజుల యాంటీబయాటిక్, పద్నాలుగు రోజుల యాంటీబయాటిక్. తొంభై రోజుల్లో మరణాలు ఏడు రోజులవారిలో 14.5 శాతం, పద్నాలుగు రోజులవారిలో 16.1 శాతం. గీత 4 శాతం దగ్గర గీశారు, పై అంచు 0.8 దగ్గరే ఆగింది. పీజీ, ఇది చూడు, గీత దాటనిది ఇలా ఉంటుంది.

పద్నాలుగు అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందని ఎప్పుడైనా ఆలోచించారా? రెండు వారాలు, అంతే. వారానికి ఏడు రోజులు కాకుండా తొమ్మిది ఉంటే పద్దెనిమిది రోజులు రాసేవాళ్లమేమో. ఇన్నేళ్లూ నేను ఐదో రోజుకే జ్వరం తగ్గి, లేచి తిరుగుతున్న మనిషిని సిరకు సూది గుచ్చి పద్నాలుగో రోజు దాకా మంచం మీద కూర్చోబెట్టాను. ఆ మిగిలిన రోజుల్లో ఎందరికి ఆ సూది దగ్గరే వాపు వచ్చిందో, ఎందరికి విరేచనాలు పట్టుకున్నాయో లెక్క రాసుకోలేదు. రాసి ఉండాల్సింది.

ఇప్పుడు మా వార్డులో కేస్ షీటు మీద యాంటీబయాటిక్ పేరు పక్కనే ఆపే తేదీ కూడా మొదటి రోజే రాయాలి. ఆ తేదీ దాటించాలంటే కారణం రాయాలి. జూనియర్లు మొదట విసుక్కున్నారు.

రాత్రి డ్యూటీ

మేడమ్, మీ మాట మీద గౌరవంతోనే ఒక హెచ్చరిక. ఈ అధ్యయనం పేరు చెప్పి స్టాఫ్ ఆరియస్ అనే మొండి బ్యాక్టీరియాకు కూడా ఏడో రోజున ఆపేసిన కేసు ఒకటి నా దగ్గరికి వచ్చింది, వెన్నుపూసలో చీముతో. బ్యాలెన్స్‌లో స్టాఫ్ ఆరియస్‌ను చేర్చుకోలేదు. కృత్రిమ కవాటాలు ఉన్నవారిని, రోగనిరోధకత బాగా దెబ్బతిన్నవారిని, బయటికి తీయని చీము ఉన్నవారిని చేర్చుకోలేదు. ఎక్కువ మందికి మూలం మూత్రనాళం, ఎక్కువగా దొరికింది ఇ-కోలై బ్యాక్టీరియా. ఎవరిని చేర్చుకోలేదో చదవకుండా ముగింపు ఒక్కటే చదివితే ఇదే జరుగుతుంది.

వార్డు మేడమ్

నూటికి నూరుపాళ్లు. కల్చర్ రిపోర్టులో స్టాఫ్ ఆరియస్ అని ఉంటే మా దగ్గర ఆ ఏడు రోజుల నియమం వర్తించదు, ఎకో (గుండె స్కాన్) చేయించకుండా మాటే లేదు. చీము ఉంటే ముందు తీయాలి, ఆ తర్వాతే రోజులు లెక్కపెట్టాలి.

కిడ్నీ పక్షపాతి

అందరూ కొట్టివేసే ఉత్సాహంలో ఉన్నారు, నేను అడ్డం పడతాను. కొట్టివేయకూడనిదాన్ని కొట్టేస్తున్న చీటీలే నాకు వారానికి నాలుగు వస్తాయి. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 3 దాటింది, కాబట్టి రామిప్రిల్ ఆపేశాం అని.

స్టాప్-ఏసీఈఐ అధ్యయనం 2022లోనే వచ్చింది. బ్రిటన్‌లో 411 మంది, ఈజీఎఫ్ఆర్ (మూత్రపిండాల వడపోత వేగం అంచనా) 30 లోపు. సగం మందికి రామిప్రిల్ లాంటి ఏసీఈ ఇన్హిబిటర్లు, వాటికి దగ్గరి రకమైన ఏఆర్‌బీలు ఆపారు. మూత్రపిండం ఊపిరి పీల్చుకుంటుందని ఆశ. మూడేళ్ల తర్వాత ఆపినవారి ఈజీఎఫ్ఆర్ 12.6, కొనసాగించినవారిది 13.3. ఆపి సాధించింది ఏమీ లేదు. పొటాషియం అదుపులో ఉన్నంతవరకు, రక్తపోటు మరీ పడిపోనంతవరకు ఆ మందును అలాగే ఉంచండి.

ఎస్‌జీఎల్‌టీ2 మందుల (చక్కెరను మూత్రంలోకి పంపేవి) దగ్గరా ఇదే కథ. మొదలుపెట్టిన కొన్ని వారాల్లో ఈజీఎఫ్ఆర్ కాస్త దిగుతుంది. వడపోత గుత్తిలో పీడనం తగ్గినందువల్ల కనిపించే దిగుడు అది, ఆ తర్వాత తరుగుదల నెమ్మదిస్తుంది. ఈ రకం మందు మీద చేసిన ఎంపా-కిడ్నీ అధ్యయనంలో 6609 మంది ఉన్నారు, మధుమేహం లేనివారు సగం పైనే. మూత్రపిండం దెబ్బతినడం లేదా గుండె జబ్బుతో మరణం 16.9 శాతం నుంచి 13.1కు తగ్గింది. ఆ మొదటి దిగుడు చూసి బెదిరి ఆపేస్తే మిగిలిన లాభమంతా పోయినట్టే.

ఎస్‌జీఎల్‌టీ2 మందులను నిజంగా ఆపాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి, అక్కడ మాత్రం మరిచిపోతాం. శస్త్రచికిత్సకు కనీసం మూడు రోజుల ముందు ఆపాలి, ఎర్టుగ్లిఫ్లోజిన్ అయితే నాలుగు. వాంతులతో తిండి పోనప్పుడు ఆపాలి. చక్కెర 180 ఉన్నా కీటో అసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు పేరుకోవడం) రావచ్చు. చక్కెర మామూలుగానే ఉందిగా అని రాత్రంతా వాంతులకు మందిచ్చి కూర్చున్న కేసు నేను చూశాను.

పాత స్టెత్

నాకు తగిలిన దెబ్బ ఫ్రెయిల్-ఏఎఫ్ అధ్యయనం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదుల లయ తప్పే జబ్బు) ఉన్న వృద్ధులు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లాంటి పాత మందుల మీద కుదురుగా ఉంటే, 'ఇంకా ఈ పాత మందేమిటి, రక్తం గడ్డకట్టే వేగం చూసే ఐఎన్ఆర్ పరీక్షల బాధ లేకుండా కొత్తది రాస్తాను' అని మార్చేవాణ్ణి. మంచి చేస్తున్నాననే అనుకున్నాను. నెదర్లాండ్స్‌లో 75 దాటిన, శరీరం బాగా సడలిన 1330 మందిని తీసుకుని సగం మందిని కొత్త మందులకు మార్చారు. ఏడాదిలో చెప్పుకోదగ్గ రక్తస్రావం మార్చినవారిలో 15.3 శాతం, మార్చనివారిలో 9.4 శాతం. 2023లో వచ్చింది.

కొత్త మందులు చెడ్డవని కాదు. కొత్తగా మొదలుపెట్టేవారికి నేనూ అవే రాస్తాను. కుదురుగా ఉన్న మనిషిని కదపడమే ఇక్కడ తప్పయింది. రుమాటిక్ మైట్రల్ స్టెనోసిస్ (రుమాటిక్ జ్వరం వల్ల గుండె కవాటం ఇరుకవడం) ఉన్నవారి సంగతి మరీ వేరు. 2022 నాటి ఇన్విక్టస్ అధ్యయనంలో కొత్త మందు రివరాక్సబాన్ కంటే పాత మందే ప్రాణాలు ఎక్కువ నిలిపింది.

అన్నట్టు, నా మొదటి ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు.

తూకం

బరువునూ చక్కెరనూ తగ్గించే జీఎల్‌పీ-1 మందుల గురించి ఒక్కరూ ఎత్తకపోవడం వింతగా ఉంది. సెలెక్ట్ అధ్యయనంలో 17,604 మంది, మధుమేహం లేదు, బరువూ గుండె జబ్బూ ఉన్నాయి. ఈ రకం ఇంజెక్షన్ సెమాగ్లుటైడ్‌తో గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద సంఘటనలు 8 శాతం నుంచి 6.5కు తగ్గాయి. ఇది చేర్చే మందే, కొట్టివేసేది కాదు. కానీ దీన్ని చేర్చినప్పుడే పాతవి కొట్టివేయడం మొదలవ్వాలి, ఆ పని జరగడం లేదు. బరువు పదిహేను కిలోలు తగ్గిన మనిషి పాత మోతాదులో చక్కెర మాత్ర గ్లిమిపిరైడ్, మూడు రక్తపోటు మాత్రలు మింగుతూ స్నానాల గదిలో కళ్లు తిరిగి పడిపోతే అది ఎవరి తప్పు? ఇంజెక్షన్ మొదలుపెట్టినవారు పాత చీటీ చూడలేదు, పాత చీటీ రాసినవారికి ఇంజెక్షన్ సంగతి తెలియదు.

ఇక ఆ ఇంజెక్షన్‌నే ఆపితే? సెమాగ్లుటైడ్ మీదే చేసిన స్టెప్ 1 అధ్యయనం కొనసాగింపులో మందు మానిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. ఇది మొదలుపెట్టే రోజే పేషెంటుకు చెప్పాల్సిన మాట.

గుండె లయ

సరే, ఇప్పుడు అసలు గొడవ. ఫిజీషియన్లు అందరూ ఇది చదివి రేపు ఉదయం బీటా బ్లాకర్లు ఆపడం మొదలుపెడితే నాకు భయం. స్టెంటు వేసినవారితో మాట్లాడకుండా ఆపకండి. పాత ఎకోలో ఫ్రాక్షన్ ఎంతో, మధ్యలో లయ తప్పిందో లేదో వాళ్ల దగ్గరే ఉంటుంది.

తూకం

మాట్లాడటానికి వాళ్లు దొరకాలి కదా సార్. డిశ్చార్జి కాగితంలో 'కొనసాగించండి' అని రాసి ఉంటుంది, ఎంతకాలమో ఉండదు. నాలుగేళ్లు నెల నెలా చూస్తున్నది మేము. ఆపే ధైర్యం మాకు లేదంటారు, ఆపితే అడగలేదంటారు.

గుండె లయ

కోపం న్యాయమే. 'కొనసాగించండి' అని రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఈ వారం నుంచి ఫ్రాక్షన్ 50 పైన ఉన్నవారి కాగితంలో 'ఏడాది తర్వాత అవసరం పునఃపరిశీలించాలి' అని రాస్తున్నాను. ఒక్క వాక్యమే. అది ఉంటే మీ చేతులు కట్టేసినట్టు ఉండదు.

పీజీ రెండో ఏడు

చిన్నవి రెండు చెప్పవచ్చా? మా యూనిట్‌లో రక్తపోటు మాత్ర రాత్రి వేసుకుంటేనే మేలని అందరికీ మార్చేవారు. 21,104 మందితో చేసిన టైమ్ అధ్యయనంలో ఉదయానికీ రాత్రికీ తేడా లేదని 2022లోనే తేలింది. ఇప్పుడు మరిచిపోకుండా వేసుకోగలిగిన పూట వేసుకోమంటున్నాం. రెండోది, గుండె జబ్బేమీ లేని డెబ్బై ఏళ్లవారి చీటీలో ఆస్పిరిన్ ఇంకా కనిపిస్తోంది.

మార్జిన్ నోట్

ఆ రెండోది చిన్నదేమీ కాదు. ఆస్పిరిన్‌ను పరీక్షించిన ఆస్ప్రీ అధ్యయనంలో 19,114 మంది వృద్ధులు ఉన్నారు. గుండె జబ్బులు తగ్గలేదు, రక్తస్రావం పెరిగింది. అది 2018. అమెరికా నివారణ సేవల కార్యదళం 60 దాటినవారికి నివారణ కోసం కొత్తగా మొదలుపెట్టవద్దని 2022లో చెప్పింది. మనం ఇంకా రాస్తున్నాం. స్టెంటు ఉన్నవారికి ఇది వర్తించదని ఇక్కడ విడిగా చెప్పాలేమో, చెప్పేశాను.

ఓపీ గది 7

నెల గడిచింది, ఆయన వచ్చాడు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

స్టెంటు వేసిన డాక్టరుకు ఫోను చేశాను, మూడో రోజు దొరికారు. పాత ఎకోలన్నిటిలో ఫ్రాక్షన్ 55 పైనే, లయ ఎప్పుడూ తప్పలేదు. పేషెంటుకు రెండు వైపులా చెప్పాను. మొదలుపెట్టకపోతే నష్టం లేదని తేలిందనీ, ఆపితే ఎలా ఉంటుందో అంత తేటగా తేలలేదనీ. "మీరైతే ఏం చేస్తారు?" అన్నాడు. ఆపి చూస్తాను అన్నాను. రెండు వారాలు సగం మాత్ర, తర్వాత రెండు వారాలు పావు మాత్ర, ఆ పైన ఆపడం అని నిర్ణయించుకున్నాం. ఛాతీలో ఏమనిపించినా ఆగకుండా రమ్మన్నాను.

మరో నెలన్నరకు మళ్లీ వచ్చాడు. పూర్తిగా ఆపి రెండు వారాలైంది. ఛాతీనొప్పి లేదు. గుండె వేగం 62 నుంచి 78. రక్తపోటు 126 ఉండేది 142 అయింది, అబిస్‌లో చెప్పినట్టే. రక్తపోటు మాత్ర టెల్మిసార్టన్ మోతాదు పెంచాను. అంటే ఒకటి కొట్టివేసి ఇంకొకటి పెంచాను, మొత్తానికి ఒక మాత్ర తగ్గింది.

కాళ్ల బరువు మాత్రం ఆవగింజంత తగ్గలేదు. అప్పుడు గుర్తొచ్చింది పాత స్టెత్ గారి ప్రశ్న. చెప్పులు విప్పించి, మేజోళ్లు తీయించి వేళ్లు పెట్టాను. ఎడమ పాదంలో నాడి అందలేదు. చీలమండ రక్తపోటును చేతి రక్తపోటుతో పోలిస్తే ఎడమ వైపు 0.66, అంటే ఆ కాలికి రక్తం సరిగా అందడం లేదు. రెండో అంతస్తు దగ్గర ఎడమ పిక్క పట్టేస్తుందట, ఒక నిమిషం నిలబడితే పోతుందట. నేను 'కాళ్లు' అని విన్నాను, ఆయన మొదటి నుంచీ చెబుతున్నది ఒక కాలి గురించి. నాలుగేళ్లలో ఒక్కసారీ మేజోళ్లు తీయించలేదు.

పాత స్టెత్ గారూ, మీ ప్రశ్నకు ఆలస్యంగా జవాబు. చూడలేదు.

పాత స్టెత్

బీటా బ్లాకర్ వల్లే పిక్క నొప్పి పెరుగుతుందన్న పాత మాటా పరీక్షకు నిలవలేదు, కాబట్టి దాని మీద నింద వేయకండి. నడక మొదలుపెట్టించండి, నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడవాలి. స్టాటిన్ పూర్తి మోతాదులో ఉందో లేదో చూడండి. సిగరెట్ గురించి అడిగారా?

ఓపీ గది 7

అడిగాను. మానేశానని చెప్పాడు. ఆయన భార్య పైకప్పు వైపు చూసింది.